పాత కారు ఏసీకి వేరే బండి పార్టులు: ఏది అతుకుతుంది, ఏది అతకదు

ఎండలు ముదరడంతో పాత బండ్ల ఏసీల మీద ఉత్తరాలు ఎక్కువయ్యాయి. అందరి చిక్కూ దాదాపు ఒకటే. కంపెనీ పార్టు దొరకడం లేదు, మెకానిక్ ‘వేరే బండిది సెట్ చేస్తా’ అంటున్నాడు. సెట్ చేయించుకోవచ్చు. పాత కారు ఏసీలో ఉండేవి గ్యాస్‌ను నొక్కే కంప్రెసర్, దాని వేడిని బయటికి వదిలే కండెన్సర్, తేమను పీల్చే డ్రయ్యర్, గ్యాస్‌ను కొలతగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్, కారు లోపలి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్, వాటిని కలిపే పైపులు. ఏ కంపెనీ బండిలోనైనా ఇవి చేసే పని ఒకటే. అయితే బోల్టు పట్టినంత మాత్రాన పార్టు పట్టినట్టు కాదు. ఆయిలు, తేమ, గాలి, ఈ మూడింటి దగ్గరే సెట్టింగులు చెడతాయి. కింది జవాబుల్లో ఒత్తిడి లెక్కలన్నీ మన గ్యారేజీల్లో అనే పౌండ్లలోనే (చదరపు అంగుళానికి పౌండ్లు, పీఎస్‌ఐ) ఇచ్చాం.

ప్రశ్న: మాది 1998 అంబాసిడర్, 1.8 పెట్రోలు. కంప్రెసర్ పట్టేసింది. ఆటోనగర్‌లో వేరే బండి నుంచి విప్పిన శాండెన్ 508 కంప్రెసర్ ఇస్తామంటున్నారు. కొనేముందు ఏం చూడాలి? బిగించేటప్పుడు ఏం జాగ్రత్తపడాలి?
(తెనాలి పాఠకుడు)

508 మీ ఇంజన్‌కు సరిపోతుంది. అది ఒక్క చుట్టుకు 138 సీసీ గ్యాస్ లాగుతుంది. పార్టులు, క్లచ్‌లు (కంప్రెసర్‌ను బెల్టు పుల్లీకి కలిపి, విడదీసే భాగం), సీళ్లు ఇప్పటికీ దొరుకుతాయి. కొత్తది కొంటే దానికి తర్వాత వచ్చిన 5హెచ్14 అడగండి. సైజు అదే, సీళ్లు మాత్రం ఆర్-134ఎ గ్యాస్‌కు (పాత ఆర్-12 బదులు వచ్చినది) తగినవి.

పాతదే కొంటే కొట్టు దగ్గరే నాలుగు పరీక్షలు చేయండి. మొదటిది, క్లచ్ ముందు పళ్లెం పట్టుకుని చేత్తో తిప్పండి. ఒకే బరువుతో మెత్తగా తిరగాలి. ఎక్కడైనా గరుకుగా తగిలినా, ఒక్కచోట ఆగి జారినా వద్దు. రెండోది, వెనక ఉన్న రెండు పోర్టులకూ బొటనవేళ్లు అడ్డుపెట్టి తిప్పించండి. ఒక వేలిని లోపలికి లాగాలి, రెండో వేలిని బయటికి తోయాలి. మూడోది, ఆయిలు తెల్ల గుడ్డ మీద వంపి చూడండి. తేనెరంగులో ఉంటే మంచిది. నల్లగా ఉండి, ఎండలో పెడితే వెండిపొడిలా మెరిస్తే లోపల అరిగిపోయిందన్నమాట. నాలుగోది చాలామంది మరిచిపోయేది, క్లచ్ కాయిల్ వోల్టేజీ. ఇదే కంప్రెసర్‌ను 24 వోల్టుల కాయిల్‌తో పెద్ద బండ్లకు కూడా వేస్తారు, బయటికి తేడా కనిపించదు. మీటర్ పెడితే 12 వోల్టుల కాయిల్ 3 నుంచి 4 ఓమ్‌లు చూపిస్తుంది. 12 ఓమ్‌ల దరిదాపుల్లో చూపిస్తే అది 24 వోల్టులది. మీ బ్యాటరీకి అది సరిగా అంటుకోదు, జారి జారి కాలిపోతుంది.

ఇక బ్రాకెట్. పాత బ్రాకెట్‌కు వెల్డింగ్ ముక్కలు అతికించడం కన్నా 8 మిల్లీమీటర్ల ప్లేటుతో కొత్తది చేయించడం మేలు. పలచటి యాంగిల్‌తో చేస్తే క్లచ్ అంటుకున్న ప్రతిసారీ బ్రాకెట్ ఊగి, బెల్టు పక్కకు నడుస్తుంది. కంప్రెసర్ చెవికీ బ్రాకెట్‌కూ మధ్య సందు ఉంటే బోల్టు బిగించి దగ్గరికి లాగవద్దు. ఆ సందుకు సరిపడా షిమ్ (పలచటి రేకు) వేసి అప్పుడు బిగించండి. లాగి బిగించిన చెవి ఆరునెలలకో ఏడాదికో చిట్లుతుంది. అల్యూమినియం చెవిని మళ్లీ అతికించినా నిలవదు. క్రాంక్ పుల్లీ ముఖానికి ఉక్కు స్కేలు ఆనించి కంప్రెసర్ పుల్లీ గాడిని చూడండి. తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటకూడదు. బెల్టు సైజు అంచనాతో కొనకండి. రెండు పుల్లీల చుట్టూ దారం చుట్టి, కంప్రెసర్‌ను సర్దుబాటు గాడిలో మధ్యకు ఉంచి కొలిచి కొనండి. బిగించాక మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. కంప్రెసర్‌ను నిటారుగా గానీ, 45 డిగ్రీలకు మించకుండా వాలుగా గానీ కూర్చోబెట్టండి. అంతకన్నా వాలితే లోపల ఆయిలు అందక అరిగిపోతుంది.

మీ పాత కంప్రెసర్ పట్టేసిందన్నారు కాబట్టి అసలు పని ఇప్పుడు చెబుతున్నాం. పట్టేసిన కంప్రెసర్ ఊరికే పోదు, తన అరుగుపొడిని లైనంతా పంచి పోతుంది. కండెన్సర్, కూలింగ్ కాయిల్, పైపులు విడివిడిగా విప్పి ఏసీ ఫ్లషింగ్ ద్రావకంతో రెండు వైపుల నుంచీ కడిగించండి. తర్వాత పొడి నైట్రోజన్‌తో ఊదించండి. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ వద్దు. వాటి జిడ్డు మిగిలి కొత్త ఆయిలును పాడుచేస్తుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్, డ్రయ్యర్ కడిగి వాడేవి కావు, మార్చాల్సిందే. ఈ కడుగుడు మానేసి కంప్రెసర్ ఒక్కటే మార్పించుకుంటే రెండోది కూడా అదే దారిన పోతుంది. గ్యారేజీలో ‘508 మంచిది కాదండీ, మళ్లీ పోయింది’ అనే మాట ఎక్కువగా ఇలా కడగకుండా బిగించిన బండ్ల గురించే వినిపిస్తుంది.

ఆయిలు ఎంతన్నది కంప్రెసర్ మీది లేబుల్ చూసి పోయాలి. లైనంతా కడిగి పొడిగా ఉంటే ఆ మొత్తం కొలత కావాలి. ఒక్క డ్రయ్యర్ మాత్రమే మారిస్తే దానికి 15 నుంచి 30 మిల్లీలీటర్లు కలిపితే చాలు. ఎక్కువ పోసినా నష్టమే. ఆయిలు కూలింగ్ కాయిల్ గోడలకు పూతలా పట్టి చల్లదనం తగ్గుతుంది. ఆర్-134ఎ నింపితే ఈ రకం కంప్రెసర్‌కు పీఏజీ (ఒక రకం కృత్రిమ ఆయిలు) 100 చిక్కదనంది వాడతారు. డబ్బా మూత తీసి ఉంచితే గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి చిన్న డబ్బా కొనండి, నిన్న మొన్న తెరిచింది పోయనివ్వకండి. అన్నీ బిగించాక స్టార్ట్ చేసే ముందు క్లచ్ పళ్లెం చేత్తో పది చుట్లు తిప్పండి. సిలిండర్లలో నిలిచిన ఆయిలు జరిగిపోతుంది. అలా తిప్పకుండా స్టార్ట్ చేస్తే ఆ ఆయిలు దెబ్బకు లోపలి పలచటి వాల్వ్ రేకులు విరగొచ్చు. క్లచ్ పళ్లేనికీ పుల్లీకీ మధ్య సందు 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్‌తో మూడు చోట్ల కొలవండి. ఎక్కువగా ఉంటే లోపలి షిమ్ ఒకటి తీస్తే సరి.

ప్రశ్న: మారుతి 800 కార్బురేటర్ బండికి కూడా ఇదే 508 వేయవచ్చా?
(కరీంనగర్ పాఠకురాలు)

వద్దు. 796 సీసీ ఇంజన్‌కు 138 సీసీ కంప్రెసర్ మోయలేని బరువు. ఏసీ వేయగానే ఇంజన్ వణికి ఆగిపోతుంది, ఫ్లైఓవర్ ఎక్కదు. అదే కుటుంబంలో 87 సీసీది ఉంది, శాండెన్ 505 లేదా 5హెచ్09. అంత సైజులో ఉన్నది చూడండి. ఐడిల్ పెంచే వాక్యూమ్ డయాఫ్రం పనిచేస్తోందో లేదో కూడా చూపించండి. క్లచ్ అంటుకున్న క్షణంలోనే అది యాక్సిలరేటర్‌ను కాస్త లాగాలి. దాని రబ్బరు చిరిగితే ఎంత మంచి కంప్రెసర్ పెట్టినా సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతుంది.

ప్రశ్న: నా దగ్గర 1991 కాంటెస్సా ఉంది. అందులో పాత ఆర్-12 గ్యాస్ ఉండేది. ఇప్పుడది దొరకడం లేదు. పాత కంప్రెసర్ బాగానే ఉంది. ఆర్-134ఎ నేరుగా నింపేస్తే సరిపోతుందా?
(రాజమహేంద్రవరం పాఠకుడు)

నేరుగా నింపితే కొన్నాళ్లు చల్లగానే ఉండొచ్చు. తర్వాత కంప్రెసర్ పట్టేస్తుంది. కారణం ఆయిలు. ఆర్-12 బండ్లలో మినరల్ ఆయిలు ఉంటుంది. గ్యాస్‌లో కలిసి లైనంతా తిరిగి మళ్లీ కంప్రెసర్‌కు చేరడం దాని పని. ఆర్-134ఎ లో మినరల్ ఆయిలు కలవదు. వెళ్లిన ఆయిలు కూలింగ్ కాయిల్‌లో కూర్చుండిపోతుంది, కంప్రెసర్ ఎండిపోతుంది.

మాంట్రియల్ ఒప్పందం ప్రకారం వర్ధమాన దేశాలు ఆర్-12 లాంటి గ్యాసుల తయారీని 2010 కల్లా ఆపాల్సి వచ్చింది కాబట్టి మార్పిడి తప్పదు. అది ఇలా చేయించండి. మిగిలిన ఆర్-12 ను గాలిలోకి వదలకుండా రికవరీ యంత్రంతో సిలిండర్‌లోకి తీయించండి. ఓజోన్ పొరను తినే గ్యాస్ అది. కంప్రెసర్‌ను దించి తలకిందులు చేసి, పళ్లెం తిప్పుతూ పాత ఆయిలు మొత్తం కారనివ్వండి. కండెన్సర్, కూలింగ్ కాయిల్ కడిగించండి. కొత్తగా ఎస్టర్ ఆయిలు పోయించండి. మూలమూలల్లో మిగిలిన పాత ఆయిలును పీఏజీ కన్నా ఎస్టర్ బాగా ఓర్చుకుంటుంది. అందుకే మార్పిడి బండ్లకు మా ఓటు దానికే.

డ్రయ్యర్ తప్పనిసరిగా మార్చాలి. పాతదాని లోపలి తేమ పీల్చే గుళికలు ఆర్-12 కోసం చేసినవి, కొత్త గ్యాస్‌తో నిలవవు. ‘134ఎ కి పనికొస్తుంది’ అని అచ్చువేసినదే అడగండి. బోల్టులు సరిపోకపోయినా ఫరవాలేదు, క్లాంపు చేయించుకోవచ్చు. నిటారుగా నిలబెట్టాలి, ‘ఇన్’ అని ఉన్న వైపు కండెన్సర్ నుంచి వచ్చే పైపు బిగించాలి. తిరగబెడితే డ్రయ్యర్ మీదే చెమట పట్టి, లోపలికి గ్యాస్ చాలినంత వెళ్లదు. దాని మూతలు వాక్యూమ్ పంపు (లైనులోని గాలి, తేమ లాగేసేది) పక్కన సిద్ధంగా ఉన్నాకే తీయాలి. గంటల తరబడి తెరిచి ఉంచిన డ్రయ్యర్ గాలిలోని తేమతోనే నిండిపోతుంది.

విప్పిన ప్రతి జాయింట్‌లోనూ నల్ల ఓ-రింగులు తీసి, కొత్త గ్యాస్‌కు చేసిన హెచ్‌ఎన్‌బీఆర్ రబ్బరు ఓ-రింగులు వేయించండి. ఇవి ఎక్కువగా ఆకుపచ్చవి దొరుకుతాయి. ఆయిలులో ముంచి పెట్టాలి, పొడిగా పెడితే మెలిపడి కోసుకుపోతాయి. పైపులు 30 ఏళ్లు దాటినవి కాబట్టి మార్చడమే మంచిది. బ్యారియర్ హోస్ అంటే లోపల నైలాన్ పొర ఉన్నది అడిగి, మెషీన్ మీద క్రింప్ చేయించండి. నీళ్ల పైపు క్లిప్పు పెట్టి బిగించే పని ఒప్పుకోకండి. 250 పౌండ్ల ఒత్తిడికి ఆ క్లిప్పు ఆగదు. చార్జింగ్ పోర్టులు కూడా మారాలి. పాతవి మర పోర్టులు, కొత్తవి నొక్కితే పట్టే కప్లర్ రకం. లోప్రెషర్ వైపుది 13 మిల్లీమీటర్లు, హైప్రెషర్ వైపుది 16 మిల్లీమీటర్లు. అడాప్టర్లు దొరుకుతాయి.

గ్యాస్ కొలత ఇలా. లేబుల్ మీద ఆర్-12 ఎంతని ఉందో అందులో 80 నుంచి 90 శాతం చాలు. ఉదాహరణకు లేబుల్ 900 గ్రాములంటే సుమారు 765 గ్రాములు. సిలిండర్‌ను తూకం మీద పెట్టి ముందు 600 దాకా ఎక్కించి, గేజ్ చూస్తూ మిగతాది కొంచెం కొంచెంగా పంపాలి. ఇంజన్ తిరుగుతుండగా సిలిండర్ నిటారుగా ఉంచి లోప్రెషర్ వైపు నుంచే పంపాలి. బోర్లిస్తే ద్రవం వెళ్లి కంప్రెసర్ రేకులు విరుగుతాయి. హైప్రెషర్ వైపు కుళాయి ఆ సమయంలో తెరవకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పవు, ద్రవ గ్యాస్ కంట్లో పడితే కన్ను పోవచ్చు. ఇంకో మాట. డ్రయ్యర్ మీది గాజు కంట్లో బుడగలు పోయేదాకా నింపడం ఆర్-12 నాటి అలవాటు. ఆర్-134ఎ కి అలా చేస్తే చాలాసార్లు ఎక్కువ పడుతుంది.

ప్రశ్న: మా మారుతి 800 కు వేరే బండి ప్యారలల్ ఫ్లో కండెన్సర్ సెట్ చేశారు. హైవే మీద బ్రహ్మాండంగా చల్లబడుతోంది. ట్రాఫిక్‌లో ఆగితే అయిదు నిమిషాల్లో వేడిగాలి. గ్యాస్ తక్కువన్నారని మళ్లీ నింపించాం, ఇంకా పాడైంది.
(హైదరాబాద్ పాఠకుడు)

మీ ఉత్తరంలోనే జవాబు ఉంది. బండి నడిస్తే చల్లన, ఆగితే వేడి అంటే గ్యాస్ కాదు, కండెన్సర్ గుండా గాలి వెళ్లడం లేదు. పైగా నింపిన గ్యాస్ ఇప్పుడు ఎక్కువైంది.

కండెన్సర్ ఎంపిక తప్పేం కాదు. పాత పాము మెలికల కాయిల్ కన్నా ప్యారలల్ ఫ్లోది (సన్న గొట్టాలు పక్కపక్కనే ఉండేది) వేడిని బాగా వదులుతుంది, ఆర్-134ఎ కి అదే కావాలి. సెట్ చేసిన తీరు చూడండి. ఇంజన్ నడుస్తుండగా, ఏసీ వేసి, గ్రిల్ ముందు ఒక న్యూస్‌పేపర్ కాగితం పెట్టండి. కండెన్సర్‌కు అతుక్కుని నిలవాలి. జారి పడినా, బయటికి రెపరెపలాడినా ఫ్యాన్‌దే తప్పు. వేరే బండి ఫ్యాన్‌ను రేడియేటర్ వెనక నుంచి తీసి, వెనక్కి తిప్పి ముందు పెట్టినప్పుడు అది గాలిని ఇంజన్ వైపు కాకుండా రోడ్డు వైపు తోస్తుంది. వైర్లు అటూ ఇటూ మార్చితే మోటారు తిరగడం మారుతుంది గానీ, రెక్క వంపు అలాగే ఉంటుంది కాబట్టి గాలి సగమే వస్తుంది. తోసే రకం రెక్క వేరుగా కొనాలి.

తర్వాత సందులు. వేరే బండి కండెన్సర్ కాబట్టి రేడియేటర్‌తో అంచులు కలవవు. బండి ఆగినప్పుడు రేడియేటర్ వేడిగాలి ఆ పక్క సందుల్లోంచి తిరిగి ముందుకొచ్చి, మళ్లీ కండెన్సర్‌లోకే దూరుతుంది. పైన, కింద, రెండు పక్కలా ఫోమ్ పట్టీ అంటించి మూసేయండి. చవకైన పని ఇది. చాలా బండ్లలో ఇదొక్కటే చాలు.

తేల్చుకునే పరీక్ష: గేజ్ పెట్టి, 1500 ఆర్‌పీఎమ్ దగ్గర నిలిపి, హైప్రెషర్ ముల్లు చూస్తూ కండెన్సర్ మీద ఒక చెంబుడు నీళ్లు చల్లండి. 320 ఉన్న ముల్లు చటుక్కున 220 కి దిగి, లోపల గాలి చల్లబడితే గాలి ప్రవాహమే లోపం. ఏమాత్రం కదలకపోతే లైనులో అడ్డుందేమో చూడాలి. మామూలుగా 35 డిగ్రీల రోజున 200 నుంచి 230, మే నెల 42 డిగ్రీల ఎండలో 250 నుంచి 280 ఉండొచ్చు. 300 దాటి నిలబడితే ఏసీ ఆపేయండి.

పైపులు కూడా గమనించండి. కంప్రెసర్ నుంచి వచ్చే వేడి పైపు పై పోర్టుకు, డ్రయ్యర్‌కు వెళ్లేది కింది పోర్టుకు బిగించాలి. ద్రవమైన గ్యాస్ కిందికి దిగుతుంది. ఫ్యాన్‌కు కరెంటు ఏసీ స్విచ్ నుంచి నేరుగా ఇవ్వకుండా, రిలే పెట్టి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో తెప్పించండి. పాత స్విచ్ తీగ గుండా ఇస్తే ఫ్యాన్‌కు 12 వోల్టులు చేరవు, నెమ్మదిగా తిరుగుతుంది, స్విచ్ కరుగుతుంది. ఇన్ని మార్చినప్పుడు డ్రయ్యర్ మీద ప్రెషర్ స్విచ్ కూడా పెట్టించండి. సుమారు 30 పౌండ్ల కిందికి దిగినా, 400 దరిదాపులకు ఎక్కినా అది క్లచ్‌ను ఆపేస్తుంది. చాలా పాత బండ్లకు ఇది లేనే లేదు.

చివరిగా, మీ బండిలో గ్యాస్ మొత్తం తీయించి, తూకం వేసి మళ్లీ ఎక్కించండి. ఎక్కువైన దానిలోంచి అంచనాగా కొంత వదిలితే లెక్క తేలదు.

ప్రశ్న: ప్రీమియర్ పద్మినికి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మార్పించాం. 20 నిమిషాలు గడ్డకట్టే చలి, తర్వాత గాలే రాదు. ఆపి కాసేపాగి వేస్తే మళ్లీ బాగుంటుంది.
(నెల్లూరు పాఠకుడు)

గాలే రాదన్నారు కాబట్టి కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుంటోంది. ఆపిన తర్వాత కింది గొట్టం నుంచి మామూలు కన్నా ఎక్కువ నీళ్లు కారడం చూసే ఉంటారు. వాల్వ్ మార్చేటప్పుడు థర్మోస్టాట్ సన్న గొట్టం కాయిల్ రెక్కల్లోంచి బయటికి వచ్చి ఉంటుంది. దాన్ని మళ్లీ రెక్కల మధ్య రెండు మూడు అంగుళాల లోతుకు దూర్చాలి. కాయిల్ 1, 2 డిగ్రీలకు చేరేసరికి క్లచ్ ఆగాలి.

వాల్వ్ పక్కన తోకలాంటి గొట్టం, దాని చివర రాగి బల్బు ఉండే రకమైతే ఆ బల్బును కూడా చూడండి. కాయిల్ నుంచి బయటికొచ్చే లావు పైపును గీరి శుభ్రం చేసి, బల్బును దానికి ఒంటికి ఒళ్లు తగిలేలా క్లిప్పులతో బిగించి, పైన కార్క్ టేపు చుట్టాలి. గాలికి వదిలేస్తే బల్బు కేబిన్ వేడిని చూసి వాల్వ్‌ను బార్లా తెరుస్తుంది. ద్రవం కంప్రెసర్ దాకా వెళ్లిపోతుంది. 

ఇంకో జబ్బు అచ్చం ఇలాగే ఉంటుంది, పొరబడకండి. గాలి బలంగానే వస్తూ, అది మాత్రం వేడిగా మారితే మంచు కాయిల్ మీద కాదు, వాల్వ్ రంధ్రంలో ఉంది. లైనులో తేమ మిగిలిందన్నమాట. లోప్రెషర్ ముల్లు సున్నా కిందికి జారి, ఆపితే లేస్తుంది. దానికి డ్రయ్యర్ మార్చి మళ్లీ వాక్యూమ్ చేయాలి.

ప్రశ్న: 45 నిమిషాలు వాక్యూమ్ చేసినా గేజ్ 28 అంగుళాలు (పాదరసం లెక్కలో) దాటడం లేదు. లీకు ఉందంటారా?
(హైదరాబాద్ మెకానిక్)

మీ ఊళ్లో అంతే వస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడే 28 అంగుళాల చిల్లర. అదే పంపు విజయవాడలో 29 దాటిస్తుంది. ముల్లు ఎంత దిగిందన్నది కాదు, పంపు ఆపాక నిలిచిందా అన్నది చూడండి. కుళాయిలు మూసి అరగంట ఉంచితే కదలకూడదు. అంతకుముందే పొడి నైట్రోజన్ 150 పౌండ్లు ఎక్కించి సబ్బునీళ్లతో ప్రతి జాయింటూ చూసుకుంటే ఇంకా మంచిది. ఆక్సిజన్ గానీ, పంక్చర్ షాపు గాలి గానీ ఆ పనికి ఎప్పుడూ వాడవద్దు. ఆయిలుతో ఆక్సిజన్ కలిస్తే పేలుతుంది, మామూలు గాలితో తేమ లోపలికి వెళుతుంది.

ప్రశ్న: ఇంటి ఏసీలో వాడే ఆర్-22 గానీ, ఎల్‌పీజీ కలిపిన గ్యాస్ గానీ చవకగా నింపుతామంటున్నారు. నింపించవచ్చా?
(ఖమ్మం పాఠకుడు)

రెండూ వద్దు. ఆర్-22 ఒత్తిడి కారు పైపులకు, కంప్రెసర్‌కు చాలా ఎక్కువ. ఎల్‌పీజీ చల్లబరచడం నిజమే, కానీ కూలింగ్ కాయిల్ ఉండేది డాష్‌బోర్డు కింద, మీ మోకాళ్ల దగ్గర. అక్కడ చిన్న లీకు వచ్చి, బ్లోయర్ మోటారులో నిప్పురవ్వ తగిలితే చాలు, అంటుకుంటుంది. తలుపులు మూసిన కారులో పిల్లలు కూర్చుని ఉంటారు.

మంచి పేరున్న డబ్బాలోనూ నకిలీ గ్యాస్ రావచ్చు. అందులో మిథైల్ క్లోరైడ్ కలిపినవి లోకంలో చాలాచోట్ల పట్టుబడ్డాయి. అది అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితే మండే పదార్థంగా మారుతుంది. సిలిండర్‌ను కొంతవరకు మీరే పరీక్షించుకోవచ్చు, అయితే ఒత్తిడి సరిపోయేలా కలిపిన నకిలీ ఈ పరీక్షకు దొరకదు. రాత్రంతా నీడలో ఉంచి, పొద్దున్నే గేజ్ పెట్టి, పక్కన థర్మామీటర్ చూడండి. అసలైన ఆర్-134ఎ 25 డిగ్రీల దగ్గర సుమారు 82 పౌండ్లు, 30 దగ్గర 97, 35 దగ్గర 114 చూపించాలి. 35 డిగ్రీలకు 180 దగ్గర చూపిస్తే అందులో ఉన్నది ఆర్-22. లెక్కకు అయిదారు పౌండ్లకు మించి అటూ ఇటూ ఉంటే సిలిండర్ వెనక్కి ఇచ్చేయండి. ఇదే లెక్కతో నింపిన బండిని కూడా చూడొచ్చు. రాత్రంతా ఆగిన కారుకు పొద్దున ఇంజన్ వేయకుండా గేజ్ పెడితే రెండు ముళ్లూ ఆ వేడికి తగ్గ అంకె దగ్గరే నిలవాలి. దానికి మించి చూపిస్తే లైనులో గాలి చేరినట్టే, మళ్లీ తీసి వాక్యూమ్ చేయించండి.